నీటి మీద గీత

"ఎక్కడున్నావు బావా?"

"ఇక్కడే ఉన్నానే. గీత ఉన్నాది."

"ఎన్నున్నాయి?"

"ఒకటి. ఒకటుంటే సాలదేటి? నీ మాట పక్కింట్లోంచి ఇనబడతన్నట్టున్నాది. సముద్రం మీద ఉన్నట్టే లేదు."

"గాలెలగున్నాది?"

"గాలే లేదు. ఆకు కదల్దు. ఇక్కడ ఆకేటి నా మొకం! ఒసే, ఆ వంజరం తల మీ తమ్ముడికి పంపెయ్యకు. నానొచ్చి తింటాను."

"అయితే బేగి రా."

"వస్తన్నాను, వస్తన్నాను."

మా ఇద్దరి మధ్య చివరిగా నడిచిన మాటలు ఇవి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు అనుకున్నామో, ఎన్ని తిట్టుకున్నామో. చివరికి మిగిలింది చేప తలకాయ మాట.

నాకు చదువు రాదు. సంతకం వచ్చు. శ్రీకాకుళం వెళ్ళే బస్సు బోర్డు గుర్తుపడతాను. ఫోనులో గీతలు లెక్కపెట్టడం వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు, నా మేనకోడలు. నేను "ఉన్నాది" అంటే అది "ఉంది" అని రాస్తుంది. పుస్తకంలో అలాగే ఉండాలట. రాసుకోనీ. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. చేపలు కేకేసి అమ్మీ అమ్మీ పోయిన గొంతు నాది. ఈ బొంగురు గొంతు దానికి సరిగ్గా వినబడుతోందో లేదో తెలియదు. అడిగిందే అడుగుతోంది.

ముందు గీత అంటే ఏమిటో చెప్పాలి. మా ఊళ్ళో పుట్టనివాళ్ళకు అది తెలియదు.

మా మావగారి కాలంలో సముద్రం మీద దూరం కొలవడానికి కొండలే ఉండేవి. ఒడ్డు వదిలి లోపలికి పోయేకొద్దీ వెనక కొండలు నీటిలో మునుగుతాయి. ముందు పాదాలు, తర్వాత నడుము. నెత్తి ఒక్కటే మిగిలిన చోట చిన్న తెప్పలు వెనక్కి తిరగాలి. "కొండ మునిగే దాకా పోకు" అని తండ్రి కొడుక్కు చెప్పేవాడు. మా ఆయనకూ ఆయన తండ్రి అదే చెప్పాడు.

తర్వాత పక్క ఊరి రోడ్డు మీద సెల్ టవరు లేచింది. అందరి చొక్కా జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి. వేటకు పోయినవాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. కొండ నడుము మునిగే చోట ఫోనులో రెండు గీతలుంటాయి, నెత్తి మిగిలిన చోట ఒకటి. కొండ మునిగే చోట ఆ ఒక్కటీ పోతుంది. ఒకరు చూశారు, పదిమంది చూశారు, ఎవరు చూసినా అదే లెక్క. మంచు పట్టిన పొద్దున కొండ కనబడదు, గీత కనబడుతుంది. మా ఆయన కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నాయి. కొండను ఆయన ఎప్పుడు వదిలేశాడో నాకు తెలియదు. బొత్తాల ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఒక కన్ను మూసి గీత చూసుకునేవాడు.

అలా గీత అనేది మా ఊళ్ళో ఒక చోటు అయిపోయింది. ఫోనులో ఉన్నదాన్ని తీసుకెళ్ళి నీటి మీద పెట్టేశారు. "గీత కాడ వల ఏసాం" అనేవారు. "గీతకి అవతల సూర సేపలు దొరుకుతన్నాయంట" అనేవారు. గట్టు ఉన్నట్టు, పొలిమేర రాయి ఉన్నట్టు మాట్లాడేవారు. మా ఆడవాళ్ళకు అదొక ఆచారమే అయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి మగాడికి ఫోను కొడతాం. మాట్లాడక్కరలేదు. రెండుసార్లు మోగితే కట్ చేసేస్తాం. మోగిందంటే గీతకు ఇవతలే ఉన్నాడు. అన్నం ఉడికే వేళకు రాకపోయినా చల్లారే వేళకు వస్తాడు. మోగలేదంటే గీత దాటాడు. అప్పుడు ఇంటికి వచ్చాక తిట్లు తినాలి.

మా ఆయన నాకు మాటిచ్చాడు, గీత దాటనని. ఆ మాట ఆయన తప్పలేదు. అదే నా గుండెలో దిగిన ముల్లు.

ఆ రోజు ఎండ ముదిరింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపమనే రోజులు ఇంకా రాలేదు. నేను శ్రీకూర్మం వీధుల్లో గంప ఖాళీ చేసుకుని మధ్యాహ్నానికే ఆటోలో ఇంటికి వచ్చేశాను. ఆకాశం రంగు చెప్పలేను. నీలం కాదు, మబ్బూ కాదు. పాలలో బుగ్గి కలిపినట్టు ఉంది. కొండలు లేవు. ఉన్నాయని తెలిసినా కనబడలేదు. సముద్రం మీద నూనె పోసినట్టు నీరు పడుకుని ఉంది. చెమట కారుతోంది గాని ఆరడం లేదు.

మా ఇంటి వెనక వంటపాకలో ఫోను పట్టదు. ఇసుక దిబ్బ ఒకటి, దాని మీద సరుగుడు తోట ఒకటి అడ్డం. ఫోను కొట్టాలంటే గరిటె చేతిలో పట్టుకుని దిబ్బ ఎక్కాల్సిందే. ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఉండగానే ఫోను నిండా గీతలు. నిండా! నేను సంతోషపడ్డాను. పక్కింటి కోడలు తడిక మీదుగా తల పెట్టి అడిగింది.

"ఒలమ్మా, నీకూ పట్టిందేటే? మా కాడ వాకిట్లోనే ఫోన్లో బొమ్మలాడతన్నాయి!"

"కొత్త టవరేటన్నా ఏసారేమో."

"ఏస్తే మనకి సెప్పి ఏస్తారేటి? పట్టినంతసేపు మాటాడీసుకో, మల్లీ పోద్ది."

అందుకే ఆ రోజు రెండుసార్లు మోగించి కట్ చేయలేదు. ఆయన ఎత్తాడు, మాట్లాడాను. గొంతు అంత స్వచ్ఛంగా ఎప్పుడూ వినలేదు. వెనకాల మా మరిది వల లాగుతూ దగ్గడం కూడా వినబడింది. పొయ్యిలో కట్టె సర్దుకుంటూ, దగ్గరే ఉన్నాడులే అనుకున్నాను.

పొద్దు వాలే వేళకు పడమటి వైపు, కొండలు ఉండాల్సిన చోట, నల్లగా లేచింది. మా వైపు ఎండాకాలపు గాలివాన అటునుంచే వస్తుంది. ముందు దుమ్ము వాసన వచ్చింది, తర్వాత సరుగుడు తోట మొత్తం ఒక్కసారి సముద్రం వైపు వంగింది. ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి కొట్టే గాలి అది. ఒడ్డుకు వచ్చేవాడి ముఖం మీద కొడుతుంది, వెనక్కి తోసేస్తుంది. గీతకు ఇవతల ఉన్న తెప్పలన్నీ మబ్బు చూసి తిప్పుకుని వచ్చేశాయి. మాది రాలేదు. నేను ఫోను కొట్టాను. గాలి కొట్టడం మొదలైన దగ్గర్నుంచి వంటపాకలో ఒక్క గీతా లేదు. దిబ్బ ఎక్కి కొట్టాను. ఇసుక కళ్ళలో పడుతోంది. మోగలేదు.

మరిదిని మర్నాడు ఒడిశా వైపు నుంచి వచ్చే పెద్ద బోటు ఎక్కించుకుంది. బోల్తా పడిన మా ఫైబరు తెప్ప వీపు పట్టుకుని ఉన్నాడట. మా ఆయన్ని సముద్రమే ఒడ్డుకు తెచ్చి పెట్టింది, మా ఊరికి కాదు, ఎక్కడో. నేను చూడొద్దన్నారు. చూశాను. దాని గురించి రాయొద్దని మేనకోడలికి చెప్పాను.

మరిది మనిషయ్యాక నా ముందు కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"వదినా, అన్న గీత దాటలేదు. ఒట్టు."

"మరి?"

"గీతే మాతో వచ్చీసింది."

"ఏటంతన్నావురా?"

"ఎంత ముందుకెల్లినా ఒక గీత ఉన్నాది. సేప పడతన్నాది, గీత ఉన్నాది, ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని ఎల్లాం. 'ఇయేల ఒడ్డు మనల్నొదలడం లేదురా' అని అన్న నవ్వాడు. మబ్బు సూసి తిప్పాం. గీతని బట్టి లెక్కేసుకుంటే ఆయిలు సాలాల. సాల్లేదు వదినా. ఇంజినాగిపోయింది. ఒడ్డు కనబడలేదు. గాలొచ్చీసింది."

ఊళ్ళో కొందరు మరిదికి మతి చలించిందన్నారు. కొందరు ఇంజిను ఆయిలు ఎక్కువ తాగిందన్నారు. గీత కదులుతుందని ఎవరూ అనలేదు. పొలిమేర రాయి నడిచి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

మా మేనకోడలు విశాఖపట్నంలో పని చేస్తుంది. ఏం పనే అంటే టవర్ల పని అనేది. ఎక్కుతావా అంటే నవ్వేది. ఎక్కదు. టవరు ఎక్కడ వేయాలో, ఎంత ఎత్తు వేయాలో, దాని మీది పెట్టెలను ఎంత కిందికి వంచాలో కంప్యూటర్లో ముందే వేసి చూస్తుంది. కర్మలకు వచ్చి, చుట్టాలందరూ వెళ్ళిపోయాక కూడా ఆగింది. నా పక్కన చాప మీద కూర్చుని ఆ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. మరిది చెప్పిన మాట అది కూడా విన్నది. అప్పటి నుంచి దాని ముఖం బాగాలేదు.

"ఏటి సూస్తన్నావే?"

"మనూరే అత్తా."

చూశాను. పైనుంచి, గద్ద చూసినట్టు. ఇళ్ళు గోళీల్లా ఉన్నాయి. రోడ్డు, సరుగుడు తోట. ఊరంతా రంగులు పూసి ఉంది. టవరు చుట్టూ ఆకుపచ్చ. అది బాగా పట్టే చోటట. తర్వాత పసుపు, ఇంకా దూరం పోతే ఎరుపు. మా వంటపాక ఉన్న చోట దిబ్బ నీడలా ఒక బూడిద మచ్చ. అక్కడ పట్టదని ఆ లాప్‌టాప్ పెట్టెకు తెలుసు! మా ఇంటికి ఎప్పుడూ రాని పెట్టెకు నా పొయ్యి దగ్గర ఫోను పట్టదని తెలుసు.

"ఇదంతా నిజమేనా?"

"కాదత్తా, లెక్కే. టవరెత్తు ఇస్తాం, దిబ్బెత్తు ఇస్తాం, సెట్టూ సేమా ఇల్లూ ఇస్తాం. టవరు నుంచొచ్చే అల ఎలగ పోతాదో, ఎక్కడ తగిలి ఆగిపోతాదో ఇది లెక్క కట్టి రంగేస్తాది. సిమ్యులేషనంటారు."

నాకు నోరు తిరగలేదు. "ఉత్తుత్తి అలన్నమాట" అన్నాను. ఆ రోజుల్లో అది నవ్విందంటే అప్పుడే.

"మరి సముద్రం మీద రంగేదే?"

కత్తెరతో కోసినట్టు రంగులన్నీ ఒడ్డు దగ్గర ఆగిపోయాయి. ఇసుక దాకా ఆకుపచ్చ, ఆ తర్వాత ఉత్త నీలం.

"ఒడ్డు కాడ కత్తిరించెస్తామత్తా. నీటి మీద మనుసులుండరని."

"ఉండరేటి?"

అది తెర వైపు తల తిప్పుకుంది.

"నానడుగుతన్నాను. మీ మావేటి? మనిసి కాడా?"

"తిట్టత్తా, పర్లేదు. ఆ టవరు నాను వెయ్యలేదు. ఎవులేసినా ఇలగే కత్తిరిస్తారు. ఇళ్ళున్న కాడే లెక్క."

దాన్ని తిట్టి ఏం లాభం? అది తల వంచుకుని ఏదో నొక్కుతోంది. ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, ఆ రోజు రేడియో ఎవులింట్లోనన్నా మోగిందా?"

అడగగానే గుర్తొచ్చింది. టీకొట్టు రేడియో. నేను ఆటో దిగి వస్తుంటే టీకొట్టువాడు దాన్ని అరచేత్తో కొడుతున్నాడు. మన పాటల మధ్యలో అరవం మాట్లాడుతోంది. "ఈ ముండ మద్రాసెల్లిపోయిందమ్మా" అని నాతో అన్నాడు. నేను నవ్వాను కూడా.

అది చెప్పగానే మేనకోడలి చెయ్యి ఆగిపోయింది. తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. మామూలు రోజున అల తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ కొండ మునిగినట్టే టవరూ మునుగుతుంది. టవరు మునిగే చోటే మా గీత. మగవాళ్ళు కనిపెట్టింది తప్పు కాదు. కాని బాగా ఎండ కాసి, గాలి ఆడకుండా నేల మీది వేడిగాలి పోయి సముద్రం మీద పరుచుకుంటే, అది కుండ మీద మూతలా కూర్చుంటుంది. అల పైకి పోలేదు. మూతకూ నీటికీ మధ్య ఇరుక్కుని, నీటిని అంటుకుని, వంగి, ఎంత దూరమైనా పాకిపోతుంది. అరవ రేడియో మా టీకొట్టుకు వచ్చినట్టే మా టవరు గీత ఎక్కడికో పోతుంది. గాలి కొట్టిందంటే మూత ఎగిరిపోతుంది, గీత మాయమైపోతుంది.

"మీ పెట్టెకి ఆ మూత సంగతి తెలీదేటి?"

"తెలుసత్తా. గాలి ఎలగున్నాదో రాయడానికి ఒక గడి ఉన్నాది. అందరం మామూలు గాలే ఉంచెస్తాం. ఎవులూ ముట్టుకోరు."

"ముట్టుకో."

"ఎందుకత్తా ఇప్పుడు?"

"ముట్టుకోమన్నాను."

అది ముందు కత్తిరించిన ఒడ్డు తీసేసింది. ఆ గడిలో ఏదో మార్చింది. నొక్కింది. తెర కాసేపు ఊరికే ఉంది. తర్వాత టవరు దగ్గర్నుంచి చిన్న చిన్న గళ్ళుగా రంగు రావడం మొదలైంది. ముందు ఊరు నిండింది. నా వంటపాక మీది బూడిద మచ్చ పోయింది. ఆకుపచ్చ అయిపోయింది. రంగు ఇసుక దాటింది, నీటిలో దిగింది. గడి పక్కన గడి, గడి పక్కన గడి. చాప మీద నీళ్ళు ఒలికితే పాకినట్టు తూర్పుకు పాకుతోంది. గీత ఉండాల్సిన చోటు ఇదీ అని అది వేలు పెట్టి చూపించింది. ఆ వేలి మీదుగా రంగు వెళ్ళిపోయింది. ఆగలేదు. తెర అంచు దాకా పోయి అక్కడ చోటు లేక ఆగింది.

"ఇంకా ఉన్నాదా అవతల?"

"ఉంటాదత్తా."

ఆయన ఆ రంగు మీద కూర్చుని నాతో మాట్లాడాడు. చేప తలకాయ ఉంచమన్నాడు.

నేను చెప్పాలనుకున్నది ఇంతవరకే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇది రాయించేదాన్ని కాదు.

మాకు ఒక్కతే కూతురు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాం. మంచివాడు, కష్టపడతాడు. కూతురి మీద చెయ్యెత్తలేదు. బోల్తా పడిన ఆ తెప్పే బాగు చేయించి ఇప్పుడు అల్లుడే వేటకు పోతున్నాడు. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. అత్త అల్లుడి ఎదుట గొంతెత్తదు. ముఖాన ముఖం పెట్టి వద్దు అనకూడదు. ఏది చెప్పినా కూతురితో చెప్పాలి. అల్లుడు పక్కనే ఉన్నా సరే. సముద్రానికి పోయేవాడికి అత్త అడ్డు మాట చెబితే గంగమ్మకు కోపమట. నా గొంతు ఊరంతా వినబడుతుంది, నా ఇంట్లో నా అల్లుడికే వినబడకూడదు.

మేనకోడలు మళ్ళీ సెలవు పెట్టుకుని వచ్చింది. ఒకరోజు అల్లుడు అరుగు మీద అన్నం తింటున్నాడు. నేను గుమ్మం లోపల నిలబడ్డాను. కూతురు మధ్యలో విసనకర్ర పట్టుకుని ఉంది.

"మీ ఆయనకి సెప్పవే, గాలాడని రోజు గీత నమ్మొద్దని."

"ఇన్నావా? అమ్మేటంతన్నాదో?"

"ఇన్నాను. సెవుడు లేదు. మీ అమ్మకి సెప్పు, గీత తప్పు కాదు, ఇంజిను తప్పు. నాను ఇంజిను మార్చాను."

"గీత పాకుతాదంట. ఆ పిల్ల తన పెట్టెలో సూపించింది. ఆయన్నీ సూడమని సెప్పు."

"సూసాను. రంగులు బాగున్నాయి." నీళ్ళు తాగి మూతి తుడుచుకుని మేనకోడలి వైపు తిరిగాడు. "సెల్లీ, కంప్యూటర్లో వలేసి సేప పట్టడం కూడా నేర్పిస్తావేటి? ఇంటికాడే కూకుంటాను."

మేనకోడలికి కోపం రాలేదు. "అన్నా, నీ ఫోనియ్యి" అంది. ఆయనది వేలితో తాకే ఫోను. దానిలో ఏదో పెట్టింది. టవరుతో పని లేకుండా, గీత ఉన్నా లేకపోయినా, తెప్ప ఎక్కడ ఉందో ఒక నీలం చుక్క చూపిస్తుందట, ఒడ్డు ఎంత దూరమో చెబుతుందట. ఆయన చూశాడు, బాగుందన్నాడు. మూడు రోజులు పోయాక కూతురు అడిగితే నవ్వాడు.

"తడి సేత్తో రాస్తే ఆ ఫోను కదల్దే. సేతులు దేంతో తుడుసుకోమంటావు, వలతోనా? గీతయితే ఒక సూపు సూస్తే సాలు."

అదీ నిజమే. సముద్రం మీద పొడి చెయ్యి ఎవరికుంటుంది?

దానికన్నా భయమైన సంగతి ఒకటి ఉంది. ఊళ్ళో కుర్రకారు ఇప్పుడు కొత్త మాట పట్టారు. ఇసుక మీద నిలబడి ఫోను చూస్తారు. గీతలు నిండుగా ఉంటే "ఇయేల నిండు, రోజు మంచిది" అంటారు, తెప్పలు తోస్తారు. సముద్రం నిమ్మళంగా ఉన్న రోజునే గీతలు నిండుగా ఉంటాయి కదా, వాళ్ళు చూసింది వాళ్ళు నమ్ముతున్నారు. శకునం అయిపోయింది అది. చావు ఎదురొచ్చి పిలుస్తుంటే మంచి శకునం అంటున్నారు. నేను ఇసుక మీద చెప్పబోతే ఒకడన్నాడు.

"పెద్దమ్మా, మొగుడు పోయినోళ్ళు ఎదురు రాకూడదు, పో."

అప్పటి నుంచి తెప్పలు తోసే వేళకు ఒడ్డుకు పోవడం మానేశాను. ఎవడైనా పోతే నేను ఎదురొచ్చినందుకే అంటారు. నా గొంతుకు మిగిలిన దారి ఈ కాగితం ఒక్కటే. కాగితానికి అత్తా లేదు, అల్లుడూ లేడు. కాగితం ముండమొయ్యదు.

ఈ రోజు పొద్దున్నుంచి కొండలు కనబడలేదు. చెమట ఆరడం లేదు. కోళ్ళు రెక్కలు దించుకుని నీడలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నేను ఇది చెబుతున్నది వంటపాకలో కూర్చునే. నా ఫోను పొయ్యి గట్టు మీద ఉంది. ఎన్ని గీతలున్నాయని మేనకోడల్ని అడగలేదు. అది కూడా చెప్పలేదు. ఇద్దరం చూశాం.

అల్లుడు అరుగు మీద వల సర్దుకుంటున్నాడు. ఆయిలు డబ్బా నింపి తెచ్చాడు. ఒకటే డబ్బా. కూతురు ఇందాక లోపలికి వచ్చి క్యారేజీ అడిగింది. "ఈ పూటేటే, పొద్దున్నెల్లొచ్చు కదా" అంటే, "నిండుగా ఉన్నాదంట అమ్మా, పొద్దున్నకి ఉంటాదో లేదోనంతన్నాడు" అంది. దాని గొంతులో భయం ఉంది. కాని అది పెళ్ళాం, మొగుడు నవ్వితే నవ్వాలి. క్యారేజీ నేను ఇంకా ఇవ్వలేదు. గిన్నెలు కడగలేదని చెప్పాను. కడిగే ఉన్నాయి.

గిన్నెలతో ఎంతసేపు ఆపగలను? రెండో డబ్బా తీసుకోమని చెప్పించాను, బరువన్నాడు. మరిదిని పంపాను, చెప్పి వచ్చాడు. "సిన్నమావకి నీరంటే బయ్యం పట్టుకున్నాది" అని అల్లుడు వెనకాల అన్నాడు.

ఇక రాయడం ఆపవే గుంటా. సాలు. ఆ కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి జరిగి కూకో. అరుగు మీదకి మొకం పెట్టు. ఆయన్ని సూడకు, నాకే సదివి ఇనిపిస్తన్నట్టు సదువు. సదువు రాని ముసిలిది తన మాటలు సరిగ్గా రాసారో లేదో ఇనాలంటే ఎవులు కాదంటారు? గట్టిగా సదువు. మొదట్నుంచి సదువు. ఆయన లేసి ఎల్లబోతే ఆగకు, ఇంకా గట్టిగా సదువు.

ఏటలా సూస్తావు? సదవవే తల్లీ.